గెడ్డ మళ్ళ మీద రోడ్డు: తారుకి ముందు ఒక వానకాలం ఆగుదాం

పోస్టు రాసి రెండు నెలలు దాటిపోయింది. చోళ్ళ విత్తనం, వరి నారు, కాఫీ తోటలో కలుపు అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఈసారి కాఫీ ధర గురించీ కాదు, మిరియాల తీగ తెగులు గురించీ కాదు. రోడ్డు గురించి రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, వాన పట్టి ఇంట్లో కూర్చున్న పూట చదువుకోండి.

మా ఊరికి మెయిన్ రోడ్డు నుంచి రెండు కిలోమీటర్ల దారి. అందులో పద్దెనిమిది వందల మీటర్లు కొండ వాలు, ఎర్రమట్టి, రాయి. అక్కడ ఏ బాధా లేదు. మధ్యలో 200 మీటర్లు మాత్రం గెడ్డ మళ్ళు దాటాలి. ఆ 200 మీటర్ల గురించే ఈ పోస్టంతా.

రోడ్డు లేనప్పుడు ఎలా ఉండేదో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. డోలీ కట్టని ఊరు మన కొండల్లో ఎక్కడుంది? రోడ్డు వస్తుందంటే ఎవరూ ఎదురు చెప్పలేదు. మళ్ళలో ఎవరికి ఎంత పోతే అంత ఇచ్చేశాం. నాదీ పోయింది. వేసవిలో జేసీబీ వచ్చింది, పక్క మళ్ళలోంచే మట్టి తవ్వి మధ్యలో కుప్ప పోసేరు, రోలర్ రెండు రోజులు తిరిగింది, జూన్ మొదటి వాన పడే లోపలే తారు కూడా పడిపోయింది. ఊరంతా సంబరం. మేకపోతుని కోసేం.

మొదటి వానకాలం అయ్యేసరికి మధ్యలో పళ్ళెం లాగ ఒక గుంట. దాన్లో నీళ్ళు నిలిచేయి. సరేలే అనుకున్నాం. రెండో వానకాలంలో రోడ్డు పొడుగునా, అంచుకి మూరెడు లోపల, నెర్రె తీసింది. అరచెయ్యి దూరేంత. ఒక పక్క రోడ్డు కిందకి జారింది. విచిత్రం ఏమిటంటే ఆ పక్కనే ఉన్న మడి, రోడ్డుకి నాలుగైదు బారల దూరంలో, గేదె వీపు లాగ పైకి ఉబ్బింది. నాటిన వరితో సహా. ఎవరూ ఒక్క తట్ట మట్టి వెయ్యని చోట మడి ఎందుకు లేచిందో ఎవరికీ అర్థం కాలేదు. గెడ్డలో ఏదో ఉంది, కోడిని కొయ్యాలి అన్నవాళ్ళూ ఉన్నారు.

ఆ వానల్లోనే ఒక రాత్రి మా తమ్ముడి కోడలికి నొప్పులు వచ్చేయి. 108 వచ్చింది. వచ్చి, గెడ్డ మళ్ళ అవతల ఆగిపోయింది. నెర్రె చూసి డ్రైవరు బండి దింపనన్నాడు. అతన్ని తప్పు పట్టను, బండి ఒరిగితే అందరూ పోతారు. మళ్ళీ డోలీ కట్టేం. ఒక కొస నా భుజం మీదే ఉంది. ఇన్నేళ్ళలో ఎన్నో డోలీలు మోసేను గానీ, తారు రోడ్డు మీద డోలీ మొయ్యడం అదే మొదటిసారి. పిల్ల ఆసుపత్రికి చేరకముందే బండిలోనే పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఇప్పుడు ఆ పిల్ల నన్ను చూస్తే మీసం పట్టుకు లాగుతుంది.

ఆ తర్వాత ఊర్లో అందరం ఏం చేసేమో చెప్తాను, మీరూ ఇదే చేసుంటారు. తారు పెచ్చు ఊడదీసి మందం కొలిచేం. ఇన్ని అంగుళాలు వెయ్యాలి, ఇంతే వేసేరు, తినేసేరు అని అరిచేం. నేను అందరికన్నా గట్టిగా అరిచేను. తినలేదని ఇప్పుడూ అనను, నేను చూడలేదు. కానీ తారు ఇంకో రెండంగుళాలు మందం వేసినా ఆ రోడ్డు దిగిపోయేదే. అది తెలియడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

మా మేనల్లుడు డిప్లొమా సివిల్ చదివి వేరే జిల్లాలో రోడ్డు సైట్లలో చేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్ళి చూపించేను. వాడు తారు వైపు చూడనే లేదు. "మావయ్యా, గునపం తే" అన్నాడు. ఉబ్బిన మడికి పక్కన, మామూలు మడిలో, గునపం దించేం. పైన పొడి పెంకు జానెడు. దాని కింద ఇద్దరం గునపం మీద ఊగితే చాలు, దిగిపోతోంది. గునపం అయిపోయింది, వెదురు కర్ర దించేం. మనిషి నిలువు దాటి కూడా మెత్తగానే ఉంది. కర్ర బయటికి లాగితే నల్లటి బురద, కుళ్ళిన ఆకు వాసన. వేల ఏళ్ళుగా కొండ మీంచి కొట్టుకొచ్చిన మెత్తటి ఒండ్రు, ఆకు, అలము అంతా అక్కడే దిగి పేరుకుంది. వరికి అది బంగారం. రోడ్డుకి అది స్పంజి.

వాడు చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను, ఇంజనీర్లు ఎవరైనా చదివితే తప్పులు దిద్దండి.

మెత్తటి బంకమట్టిలో మట్టి కన్నా నీళ్ళు ఎక్కువ. పైన మట్టి కుప్ప పోస్తే ఆ బరువు మొదట మట్టి మీద పడదు, లోపలున్న నీళ్ళ మీద పడుతుంది. నీళ్ళకి బయటికి పోయే దారి దొరికితే మెల్లగా పోతాయి, మట్టి అణుగుతుంది, అణిగిన కొద్దీ గట్టిపడుతుంది. కానీ బంకమట్టిలోంచి నీరు పోవడం చాలా నెమ్మది. మందం రెండింతలైతే టైము రెండింతలు కాదట, నాలుగింతలు. ఒక మీటరు బురద ఏడాదిలో అణిగితే, అదే బురద రెండు మీటర్లుంటే నాలుగేళ్ళు. ఈ లెక్క మొట్టమొదట కట్టినాయన కార్ల్ టెర్జాఘి అట, 1925లో పుస్తకం రాసేడు. అంటే వందేళ్ళ కిందటి సంగతి, కొత్తదేం కాదు.

ఇది ఒక రోగం. దిగడం. రెండోది ఇంకా చెడ్డది, జారిపోవడం. మట్టి గట్టు బరువు చూడండి. ఒక ఘనపు మీటరు తడి మట్టి దగ్గర దగ్గర 2 టన్నులు. మీటరున్నర ఎత్తు పోస్తే ప్రతి చదరపు మీటరు మీదా 3 టన్నులు. కింద బురద పట్టు ఎంతో పరీక్ష చేసి చూస్తారు. ఆ పట్టు చదరపు మీటరుకి 1 టన్ను ఉందనుకుంటే, అది దానికి ఐదింతల దాకా, అంటే 5 టన్నుల బరువు దాకా మొయ్యగలదు. ఆ పైన ఒక్క తట్ట వేసినా కింద నుంచి పక్కకి తన్నుకుంటుంది. రెండున్నర మీటర్ల గట్టుకే లెక్క సరిపోయింది కదా. భద్రం కోసం రెండు మీటర్ల లోపే ఆగాలి. పట్టు అందులో సగమే ఉంటే మీటరు ఎత్తే ఎక్కువ. మా గెడ్డలో అదే అయ్యింది. రోడ్డు కిందకి దిగినంత బురదా పక్క మడిలో పైకి లేచింది. మన ఆడవాళ్ళు చోడి అంబలి ముద్ద మధ్యలో వేలు గుచ్చితే అంచు లేస్తుంది చూడండి, అంతే. గెడ్డలో దెయ్యమూ లేదు, కోడి అక్కర్లేదు.

ఇంకో తప్పు మా కళ్ళ ముందే జరిగింది, మేమూ ఒప్పుకున్నాం. మట్టి పక్క మళ్ళలోంచే తవ్వేరని రాసేను కదా. గట్టు మొదట్లోనే మోకాలు లోతు గొయ్యి. లారీ కిరాయి మిగిలింది, నాకు కూడా "చేపల గొయ్యి అవుతుందిలే" అనిపించింది. కానీ గట్టు పక్కకి జారకుండా ఆపేది పక్కనున్న ఆ మట్టి బరువే. దాన్ని తీసేసి గట్టు పెంచడం అంటే తక్కెడలో ఒక పళ్ళెంలోంచి తీసి రెండో పళ్ళెంలో వెయ్యడం. పైగా ఆ గోతిలో ఏడాది పొడుగునా నీళ్ళు, గట్టు కాళ్ళు నానుతూనే ఉంటాయి. మీ ఊర్లో గెడ్డ మళ్ళ మీద రోడ్డు పడుతుంటే మిగతావన్నీ మర్చిపోయినా పర్వాలేదు, గట్టు మొదట్లో మట్టి తియ్యనివ్వకండి. కొండ మీంచి గ్రావెల్ తేవాల్సిందే.

ఇప్పుడు మన పెద్దల పని చూడండి. మా తాత మళ్ళు కట్టిన విధానం నాకు బాగా గుర్తు. గెడ్డ పక్కన కొత్త మడి తీస్తే గట్టుని ఒక్క ఏడాదిలో ఎత్తేవాడు కాదు. మొదటి ఏడు మోకాలు ఎత్తు. రెండో ఏడు ఇంకో జానెడు. ఊట ఉన్న చోట ముందు కొమ్మలు అడ్డంగా పరిచి, మీద రాళ్ళు పేర్చి, అప్పుడు మట్టి. రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతుంటే మేం పిల్లలం మూసెయ్యబోతే వీపు మీద వేసేవాడు. "నీళ్ళు పోనీరా, గట్టు ఊపిరి తీసుకుంటాది" అనేవాడు. ఆయన ఏ టెర్జాఘి పేరూ వినలేదు. ఆ గట్లు ఇవాళ్టికీ ఉన్నాయి. వాటిని ఆనుకుని వేసిన రోడ్డు రెండేళ్ళలో పోయింది.

కొమ్మలు పరవడం అంటే మోటు పని అనుకోకండి. ఇంగ్లండులో లివర్‌పూల్ నుంచి మాంచెస్టర్‌కి మొదటి రైలు దారి వేసినప్పుడు చాట్ మాస్ అనే పెద్ద ఊబి అడ్డొచ్చింది. వారాల తరబడి మట్టి పోసినా మింగేసేదట. జార్జ్ స్టీఫెన్‌సన్ పొదల మోపులు, కొమ్మల తడికలు పరిచి వాటి మీద తేలేటట్టు దారి కట్టేడు. 1830లో రైలు నడిచింది. ఇప్పుడు కొమ్మల బదులు జనపనార గుడ్డ, కొబ్బరిపీచు వల, ప్లాస్టిక్ గుడ్డ వాడుతున్నారు. గుడ్డ కింద బురద మీద గ్రావెల్‌ని కలిసిపోకుండా ఆపుతుంది, నీళ్ళని మాత్రం పోనిస్తుంది. మన కాకినాడ పోర్టు రోడ్డు కింద సముద్రపు బురద మీద జనపనార గుడ్డ వేసి చూసింది 1990ల్లోనే. 2020లో కేంద్రం గ్రామ సడక్ రోడ్లలో కొబ్బరిపీచు వల వాడడానికి ఒప్పుకుంది. 7 రాష్ట్రాల్లో 1,674 కిలోమీటర్లు అన్నారు, అందులో మన ఆంధ్ర వాటా 164. మన కొండల్లో ఈ వలలు కాఫీ నర్సరీల దగ్గర తప్ప రోడ్డు కింద వెయ్యడం నేనైతే కళ్ళారా చూడలేదు.

బురద మీద కట్టడమే తప్పని నేను అనడం లేదు. జపాన్‌లో ఒసాకా దగ్గర సముద్రంలో మట్టి పోసి దీవి చేసి కన్సాయ్ విమానాశ్రయం కట్టేరు, 1994లో తెరిచేరు. ఆ దీవి ఇప్పటికి 10 మీటర్లకి పైనే దిగింది. అయినా విమానాలు దిగుతూనే ఉన్నాయి. ఎందుకంటే దిగుతుందని ముందే తెలుసు. సముద్రం అడుగు బురదలో లక్షల ఇసుక స్తంభాలు దించేరు, నీళ్ళు ఆ ఇసుకలోంచి తొందరగా బయటికి రావడానికి. దగ్గర దారి ఉంటే టైము తగ్గుతుంది కదా, అదే లెక్క. భవనం స్తంభాల కింద జాకీలు పెట్టేరు, దిగితే లేపడానికి. మనకి ఇసుక స్తంభాలూ వద్దు, జాకీలూ వద్దు. దిగుతుందని ఒప్పుకుంటే చాలు.

అంత దూరం ఎందుకు, మన కొత్తవలస–కిరండూల్ రైలు కట్ట చూడండి. 1960ల్లో బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖకి దించడానికి వేసేరు. రోజూ వేల టన్నుల బరువు దాని మీద. అరకు లోయ పల్లంలో కట్ట ఉన్న చోట్ల నడిచి చూస్తే, కట్ట వాలు ఎంత పరుచుకుని ఉంటుందో, నీళ్ళు పోవడానికి ఎన్ని మదుములు వదిలేరో తెలుస్తుంది. రైలుకి ఇంకో సుఖం ఉంది. కట్ట కాస్త దిగితే కంకర వేసి పట్టాలు పైకి లేపుతారు. తారు రోడ్డుకి ఆ వీలు తక్కువ. సిమెంటు రోడ్డుకి అసలే లేదు. చాలా ఊర్లలో "మాకు తారు వద్దు, సీసీ రోడ్డే కావాలి" అని పట్టు పడుతున్నారు. కొండ వాలు మీద సీసీ మంచిదే, నేనూ ఓటేస్తాను. గెడ్డ మళ్ళ మీద మాత్రం వద్దు. కింద నేల ఒక చోట దిగి ఒక చోట దిగకపోతే సిమెంటు పలక వంగదు, విరుగుతుంది. విరిగిన పలకని మళ్ళీ అతికించడం ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు నా మాట. మీకు కోపం రావచ్చు.

గెడ్డ మళ్ళు దాటే చోట మట్టి, గ్రావెల్ వేసి రోలర్ తిప్పి, తారు వెయ్యకుండా ఒక వానకాలం మొత్తం వదిలెయ్యాలి. కావాలంటే పైన ఇంకో అడుగు మట్టి ఎక్కువే పోసి ఉంచాలి, బరువుకి తొందరగా అణుగుతుంది, తర్వాత ఆ అడుగూ తీసి పక్క వాలుకి వాడుకోవచ్చు. కింద బురద ఆ అడుగు బరువుని కూడా ఆపుతుందని లెక్క చూసుకున్నాకే సుమా. బండ్లు గ్రావెల్ మీద తిరుగుతాయి, 108 వస్తుంది, సంతకి ఆటో వెళ్తుంది. వానలు వెళ్ళేక దిగిన చోట నింపి, మళ్ళీ రోలర్ తిప్పి, అప్పుడు తారు. హిమాలయ రాష్ట్రాల్లో గ్రామ సడక్ రోడ్లు ఇలాగే రెండు దశల్లో వేసేరు. ముందు దారి, మదుములు. తర్వాత పైపూత. మనకెందుకు వద్దు?

ఎదురు మాట నాకు తెలుసు, మా ఊరి సభలోనే విన్నాను. "అన్నా, యాభై ఏళ్ళు ఆగేం. ఇంకో ఏడాది ఆగమంటే బిల్లు పాస్ అయిపోయి కాంట్రాక్టరు వెళ్ళిపోతాడు, డబ్బు వెనక్కి పోతుంది, అప్పుడు నువ్వు వేస్తావా తారు?" ఈ భయం అబద్ధం కాదు. మార్చి నెలాఖరు అంటే మన రోడ్లకి ఎలాంటి గండమో అందరికీ తెలుసు. అందుకే నేను ఆపమంటున్నది రోడ్డుని కాదు, ఆ 200 మీటర్ల మీద పైపూతని మాత్రమే. మిగతా పద్దెనిమిది వందల మీటర్లు వాళ్ళు తారు వేసుకుని బిల్లు రాసుకోనీ. ఈ ముక్క రెండో దశ అని ముందే ఎస్టిమేట్‌లో రాయించుకోవాలి. గ్రామసభలో తీర్మానం రాయించి సంతకాలు పెట్టించాలి. మనది షెడ్యూల్డ్ ఏరియా, 1996 పెసా చట్టం గ్రామసభకి మాట చెప్పే హక్కు ఇచ్చింది. మనం ఆ సభకి టీ కోసం వెళ్ళి, రిజిస్టరులో వేలిముద్ర వేసి వస్తున్నాం.

ఇప్పుడే ఎందుకు చెప్తున్నానంటే, రోడ్లు వచ్చే కాలం ఇదే. 2000 డిసెంబరు 25న గ్రామ సడక్ యోజన మొదలైనప్పుడు మైదానంలో 500 జనాభా ఉన్న ఊర్లకీ, మనలాంటి గిరిజన ప్రాంతంలో 250 జనాభా ఉన్న ఊర్లకీ అన్నారు. 2023 నవంబరు 15న జన్‌మన్ మొదలెట్టి, పీవీటీజీల గూడేల్లో 100 మంది ఉన్నా రోడ్డు అన్నారు. 2025 ఏప్రిల్‌లో మన డుంబ్రిగుడ మండలం పెదపాడులో అడవి తల్లి బాట మొదలైంది. ఇంకోపక్క రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఇ జాతీయ రహదారి. పెద్ద రోడ్డుకి మట్టి పరీక్షలు చేసే ఇంజనీర్లు, యంత్రాలు ఉంటాయి. చిన్న గూడెం రోడ్డుకి మనమే కళ్ళు. అందులోనూ చిన్న గూడేలన్నీ గెడ్డ అవతలే ఉంటాయి, ఏం చేస్తాం.

నిజం ఒప్పుకోవాలి, తప్పు అంతా అవతల వాళ్ళదే కాదు. వెడల్పు సంగతి చూడండి. రోడ్డు పైన 6 మీటర్లు, ఎత్తు మీటరున్నర అనుకోండి. పక్క వాలు సరిగ్గా ఉండాలంటే ఒక మీటరు ఎత్తుకి రెండు మీటర్ల పరుపు. అంటే అడుగున 12 మీటర్లు కావాలి. 200 మీటర్ల పొడుగుకి 59 సెంట్లు. అదే వాలు నిటారుగా, ఒకటికి ఒకటిగా పెడితే అడుగున 9 మీటర్లు చాలు, 44 సెంట్లు. తేడా 15 సెంట్లు. మా ఊర్లో ఆ 15 సెంట్ల దగ్గరే తగువు వచ్చింది. గ్రామ సడక్ డబ్బుల్లో భూమికి పైసా ఇవ్వరు, మనమే ఇవ్వాలి. ఒకాయన రాయి పాతి "ఇంతవరకే" అన్నాడు. ఆయన పక్కన నేనూ నా రాయి పాతేను. గట్టు నిటారుగా లేచింది, నిటారుగానే జారింది. నా మడి ఉబ్బి, నెర్రెలిచ్చి, ఆ ఏడు పాతిక సెంట్లలో గింజ రాలేదు. ఆరు సెంట్లు మిగుల్చుకుందామని పాతిక సెంట్ల పంట పోగొట్టుకున్న తెలివి నాది. 15 సెంట్లు ఎవరో ఒక్కరి మీద పడకుండా, మళ్ళు పోయినవాళ్ళకి ఊరు మెట్టలో కాస్త సర్దాలి. ఆ సర్దుబాటు మాట ముందు మాట్లాడుకుని, తర్వాత జేసీబీని పిలవాలి.

రెండోది మదుములు. గెడ్డకి అడ్డంగా గట్టు వేసి ఒక్కటే పైపు పెడితే ఎగువ మళ్ళు చెరువు అయిపోతాయి. నీళ్ళు నిలిస్తే గట్టు అడుగు నానుతుంది. పైపులు కనీసం మూడు నాలుగు చోట్ల ఉండాలి, అది కూడా నీళ్ళు మామూలుగా పారే చోటే. మెత్తటి నేల మీద పైపు మధ్యలో దిగిపోయి తొట్టిలాగ అవుతుంది కాబట్టి, పెట్టేటప్పుడే మధ్యలో కాస్త ఎత్తుగా పెట్టమనాలి. కల్వర్టుకి రాతి పునాది లోతుగా తీసి కట్టేస్తే ఇంకో తంటా, కల్వర్టు కదలదు, రెండు పక్కలా రోడ్డు దిగుతుంది, బండి ఎగిరి పడుతుంది. ఇదీ ఒక ఏడు ఆగి నింపితే సర్దుకుంటుంది. ఇక మనం చేసే పని ఏమిటి? ఉడుపుల టైముకి నీళ్ళు నిలవాలని పైపు నోట్లో గడ్డి కుక్కుతాం. కుక్కి మర్చిపోతాం. నేను చేసేను. చేసినవాళ్ళు చాలామంది ఇది చదువుతున్నారు, పేర్లు రాయను.

మూడో మాట, దారి గెడ్డని ఎక్కడ దాటాలి అన్నది. అందరూ దగ్గర దారే అడుగుతారు. మా దగ్గర కొండ మొదలు చుట్టూ తిప్పి, గెడ్డ ఇరుకుగా రాయి తేలిన చోట దాటిస్తే మూడు వందల మీటర్లు ఎక్కువయ్యేది. బురద మీద పడేది నలభై మీటర్లే. మూడు వందల మీటర్లు ఎక్కువ నడవడం ఏమిటని మేమే వద్దన్నాం. కొండ మొదలు తొలిస్తే పైనుంచి జారే చోట్లు ఉంటాయి, అది కూడా చూసుకోవాలి, హుద్‌హుద్ తుఫాను ఏడాది 2014లో కొండ తవ్విన రోడ్లకి ఏమైందో చూసేం కదా. కానీ రెండు దారులూ నడిచి, గునపం దించి చూసి, అప్పుడు ఒకటి ఎంచుకోవడానికి ఒక పూట చాలు. ఒక గునపం, ఒక వెదురు కర్ర. సర్వేకి ఎవరొచ్చినా వాళ్ళతో పాటు ఇద్దరు రైతులు గునపం పట్టుకు వెళ్ళండి. ఎక్కడ ఎద్దు కాలు దిగబడుతుందో, ఎక్కడ దమ్ము ట్రాక్టరు కూరుకుపోతుందో మనకి తెలిసినట్టు డిల్లీలో మ్యాపు గీసినవాళ్ళకి తెలియదు.

పనులు జరిగేటప్పుడు చూసేవి కూడా రెండున్నాయి. మట్టి జానెడు జానెడు పొరలుగా పరిచి, తడిపి, ప్రతి పొర మీదా రోలర్ తిప్పాలి. టిప్పర్లతో ఒకేసారి నిలువెత్తు కుప్ప పోసి పైన మాత్రం రోలర్ తిప్పితే లోపల దూదే. ఇంకోటి, గట్టు మొదట్లోనూ దానికి నాలుగైదు మీటర్ల అవతలా మళ్ళలో వెదురు మేకులు వరసగా పాతి తాడు కట్టండి. మట్టి పోస్తుండగా మేకులు పక్కకి వంగినా, పైకి లేచినా పని ఆపెయ్యమనండి. కింద నేల "ఇంక మొయ్యలేను" అంటోందని అర్థం. కొన్ని వారాలు ఆగితే నీళ్ళు దిగి నేల మళ్ళీ బలం తెచ్చుకుంటుంది. ఇది పెద్ద పెద్ద ప్రాజెక్టుల్లో కూడా చేసే పనేనట, వాళ్ళు మిషన్లతో చూస్తారు, మనం తాడుతో చూస్తాం.

బోర్డు సంగతి కూడా. గ్రామ సడక్ రోడ్డు మొదట్లో బోర్డు పెట్టాలి, ఏ పొరలో ఏ సామాను ఎంతో తెలుగులో రాసి ఉండాలి. పని అయ్యేక ఐదేళ్ళు లోపాలు కాంట్రాక్టరే బాగుచెయ్యాలి. మాది నాలుగో ఏడాది దాకా మేం అడగనే లేదు, తెలియక. ఫోన్‌లో మేరీ సడక్ అని యాప్ ఉంది, ఫొటో తీసి పంపితే ఫిర్యాదు నమోదవుతుంది. మన దగ్గర సిగ్నల్ దొరికే చోటుకి ఎక్కి పంపాలి, అది వేరే కష్టం.

మా రోడ్డు ఇప్పుడు ఎలా ఉందని అడుగుతారు. గుంటలో మట్టి పోసి నింపడం మొదట చేసేరు, ఇంకా దిగింది. దిగేదాని మీద బరువు పెడితే దిగకేం చేస్తుంది. కిందటేడు మార్చిలో సభ పెట్టి, ఇంజనీరుని పిలిపించి, మేనల్లుడిని కూడా కూర్చోబెట్టి మాట్లాడేం. విరిగిన తారు తీసేసేరు. గట్టు ఎత్తు రెండడుగులు తగ్గించేరు, మా గెడ్డ వరద ఒక పూటలో పోతుంది, అంత ఎత్తు అక్కర్లేదు. తీసిన మట్టినే రెండు పక్కలా మెట్టు లాగ పరిచి రాయి పేర్చేం, జారే వైపు బరువుగా ఉండడానికి. పక్క గోతులు పూడ్చేం, నా చేపల గొయ్యితో సహా. పైపులు ఇంకో రెండు పడ్డాయి. ఉపాధి పనిలో ఊరి ఆడవాళ్ళే రాయి మోసేరు. పైన గ్రావెల్ మాత్రమే ఉంది. నా రాయి ఆరు సెంట్లు వెనక్కి జరిగింది.

తారు ఎప్పుడు వేస్తారని పెళ్ళిళ్ళకి వచ్చిన చుట్టాలు వెటకారం చేస్తున్నారు. చెయ్యనీ. మధ్యలో ఒక ఇనుప కడ్డీకి రంగు గుర్తు పెట్టి, రెండు వైపులా కొండ రాయి నుంచి రాయికి దారం లాగి కొలుస్తున్నాను. కిందటి వానకాలంలో నాలుగు వేళ్ళు దిగింది. ఈ ఏడు జూన్ నుంచి ఇప్పటికి ఒక వేలు కూడా లేదు. మేకులు కదల్లేదు. ఉడుపులు ఇంకో వారంలో అయిపోతాయి, దసరాకి మళ్ళీ దారం లాగుతాను. ఆ కొలత, ఫొటోలు పెడతాను. మీ ఊరి గెడ్డలో గునపం ఎంత దిగిందో మీరూ చూసి చెప్పండి. గేదెలు అరుస్తున్నాయి, వెళ్ళాలి.